గుమ్మం బయట లైను నాయుడు

1

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మబ్బువలసలో జరిగేవన్నీ చెవికి తెలుసు, దానికి తెలిసినదాన్ని మళ్ళీ మనిషి కూర్చుని రాయడమెందుకని బద్ధకం. పైగా నా వయసువాడు కోపంతో ఏదైనా రాస్తే చదివినవాళ్ళు అజీర్తి అనుకుంటారు. కానీ ఈ మధ్య చెవికి మతిమరుపు వచ్చింది. అందుకని రాస్తున్నాను.

చెవి అంటే మా ఊరిని నడిపే యంత్రం. గోడల్లో ఉండి మేం మాట్లాడేది వింటుంది, విన్నది చేస్తుంది. నీళ్ళంటే నీళ్ళు వదులుతుంది, వేడంటే వేడి పెంచుతుంది. తలుపులు కూడా దాని చేతిలోనివే. మా ఊళ్ళో తలుపు తోస్తే తెరుచుకోదు. లోపలివాళ్ళు బయటివాడిని పేరు పెట్టి పిలవాలి, అప్పుడే తెరుచుకుంటుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే ఇంటివాళ్ళ పేరు చెవే పలుకుతుంది. ఒక పిలుపుకి ఒక మనిషే. ఎవరి వెనకాలో దూరిపోదామంటే కుదరదు. బయట శుక్రుడి మబ్బులు, పులుపు గాలి. తలుపుని నిర్లక్ష్యంగా వదిలేసే ఊరు కాదిది. మా ఇళ్ళన్నీ గాలిసంచుల కింద వేలాడుతూ, ఒకదానికొకటి లావుపాటి మోకుతాళ్ళతో కట్టి ఉంటాయి. పొద్దున లేచి సంచి మీద పేరుకున్న పులుపు గీకడం ఇక్కడ పళ్ళు తోముకోవడం లాంటిది. నేను బతుకంతా సంచులకి అతుకులు వేసినవాణ్ణి. ఇప్పుడు నా సంచి ఒక్కటే గీకుతాను, అది కూడా సగం.

సంగతికి వస్తాను. చెవి ముసలిదైపోయింది. ఒక మాటకి పది అర్థాలుంటే దానికి అలుపు వస్తోంది, వచ్చినప్పుడు తలుపులూ నీళ్ళూ అన్నీ కాసేపు ఆగిపోతున్నాయి. తెలుగు మాటలతో పేచీ లేదు. మన పెద్దవాళ్ళు ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని, కండువాలా తలకీ నడుముకీ మూటకీ చుట్టుకున్న మాటలున్నాయే, వాటితోనే. అందుకని ఊరు ఒక పద్ధతి పెట్టుకుంది. ఒక్కో మాటనీ పంచాయితీకి తెచ్చి, ఒక్క వాడుకకి ఇచ్చేసి, మిగతావాళ్ళందరి దగ్గరా లాగేసుకుంటారు. "సెట్టు" కట్టుడుపళ్ళవాళ్ళకి పోయింది. "ఛార్జి" దీపాలవాళ్ళకి పోయింది. "అడ్జస్టు" ఎవరికీ ఇవ్వలేకపోయాం, అది పోతే కాపురాలు నిలబడవని ఆడవాళ్ళు అడ్డుపడ్డారు.

పంచాయితీలో ఐదుగురం. తెలివిని బట్టి కాదు, మిగిలి ఉన్నవాళ్ళని బట్టి ఎంచారు.

ఈసారి వచ్చిన మాట "లైను".

2

మాట కావాలనే వాళ్ళు పంచాయితీ ముందు ఆ మాటతో చేసే పని చేసి చూపించాలి. అది మా ఆచారం. నోటితో చెప్పేది ఎవరైనా చెబుతారు.

ముందు నీళ్ళ దగ్గర నిలబడేవాళ్ళు వచ్చారు. బిందెలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు నిలబడి, అచ్చం రోజూలాగే "లైన్లో రా", "నేను ముందు నుంచీ లైన్లోనే ఉన్నాను" అని తిట్టుకున్నారు. ఆట నిజమైపోయి ఒకావిడ నిజంగానే ఏడ్చింది. తర్వాత బట్టలు ఆరేసుకునేవాళ్ళు తాడు కట్టి తడి దుప్పట్లు వేసి, నీళ్ళు మా కాళ్ళ మీద కార్చి వెళ్ళారు. దీపాలవాళ్ళు తీగ పట్టుకుని "లైను పోయింది, లైను వచ్చింది" అన్నారు. పాటలు కట్టే ఒకాయన ఒక్క లైను వినండంటూ పాటంతా పాడేశాడు. మందు గుళికల వ్యాపారి తన తండ్రి నాటి నుంచీ ఇదే లైన్లో ఉన్నామన్నాడు. ఒక తల్లి కొడుకుని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, వీణ్ణి లైన్లో పెట్టడానికి తనకి ఆ మాట తప్ప వేరే దిక్కు లేదంది. వాడికి నలభై ఏళ్ళుంటాయి.

పడుచువాళ్ళ తరఫున ఇద్దరిని తోసుకుంటూ తెచ్చారు. లైనేయడం చేసి చూపించండి అంటే ఇద్దరూ రాతిబొమ్మల్లా నిలబడిపోయారు. చివరికి ఆ పిల్ల ఒక్కసారి తలెత్తి చూసింది. అతను చేతిలోని బిందె జారవిడిచాడు. పెద్దాయన సింహాద్రప్పన్న, "చాలు, అర్థమైనాది" అన్నాడు.

ఆఖరున మోకులవాళ్ళు వచ్చారు. ఇళ్ళని కట్టే మోకుని వాళ్ళు లైను అంటారు. మాట వాళ్ళకే వస్తుందని ఊరంతా అనుకుంటోంది. మోకు లేకపోతే ఊరే లేదు కదా. వాళ్ళ ముందు నడిచింది లైను నాయుడు. పదకొండేళ్ళ కిందటి తుఫానులో ఊరిని కాపాడాడని ఆ పేరు ఊరే పెట్టింది. తలుపు పేరు కూడా అదే చేశారు, పాత పేరు తుడిచేశారు. ఏ గుమ్మం దగ్గరైనా "లైను నాయుడూ" అంటేనే అతనికి తెరుచుకుంటుంది. ఉట్టి నాయుడూ అంటే చాలదు, ఊళ్ళో సగం మంది నాయుళ్ళే.

కత్తి తీసి, మోకు చుట్టి చూపించి, ప్రతి విందులోనూ చెప్పే కథ మళ్ళీ చెప్పాడు. గాలికి చివరి ఇల్లు తిరగబడింది, ఊరిని కిందికి లాగుతోంది, లైను కోసేశాను, ఊరు పైకి లేచింది. ఆ చివర్న ఎప్పుడూ ఉండే మాట ఇప్పుడూ ఉంది.

"ఇల్లు కాలీయే గదా. మనిసి పురుగు లేదు అందల."

ఆ ఇల్లు మా చెల్లెలు ఎర్నమ్మది.

3

ఆ తుఫాను పూట ఎర్నమ్మ ఇల్లు విడిచి వస్తోంది. ఇంటికీ ఊరికీ మధ్య గుడ్డతో కుట్టిన నడవా ఉంటుంది, అందులో ఉంది. నేను ఊరివైపు తలుపు దగ్గర నిలబడి దాని పేరు పెట్టి పిలుస్తున్నాను. నడవాలోంచి దీపం ఊగుతూ రావడం కనిపిస్తోంది. నా పక్కనే మోకు, మోకు దగ్గర నాయుడు. ఆగరా అన్నాను. అది తలుపుదాకా రాలేదు, తెరుచుకోవడానికి తలుపు దగ్గర మనిషి ఉండాలి. అతను కోశాడు.

కోయకూడదని నేను అనలేను. నేనూ సంచులవాణ్ణే, ఆ ఇల్లు ఎంత బరువు లాగుతోందో నాకూ తెలుసు. కానీ అతను అంతటితో ఆగలేదు. ఇల్లు ఖాళీ అన్నాడు. ఎర్నమ్మ అంతకుముందే ఎక్కడో కాలుజారి ఉంటుందన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బతికిపోయిన సంతోషంలో ఉన్నారు, వాళ్ళకి ఖాళీ ఇల్లే బాగుంది. నేను అరిచినదాన్ని దుఃఖం అన్నారు. నా భుజం తట్టారు. ఊరి కోసం పోయినవాళ్ళకి చేసే దినం మా ఎర్నమ్మకి చేయలేదు. ఊరి కోసం పోలేదు కదా మరి.

అప్పటినుంచి అతని కథ ఎన్ని విందుల్లో విన్నానో. నా విస్తరి ముందు కూర్చుని కూడా చెప్పాడు. ఒకసారి మధ్యలో నన్ను చారు అందుకోమన్నాడు.

నాకు అతని ప్రాణం అక్కర్లేదు. ఆ కథని అతని నోటితోనే, నలుగురిలో, ఉన్నదున్నట్టు చెప్పించాలి. పదకొండేళ్ళూ దారి దొరకలేదు. ఇప్పుడు పంచాయితీ దానంతటదే తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తీర్పు చెప్పిన మాట ఎవరి తలుపు పేరులోనూ ఉండకూడదు. చెవికి తికమక వస్తుందని ఆ నియమం. మాట మోకులకే పోతే అతనొక్కడికీ మినహాయింపు, అదే అర్థం కనుక. వేరే ఎవరికి పోయినా ఆ పేరు చెల్లదు.

4

ఈ రోజు తీర్పు. పులుపు గీకకుండానే వెళ్ళాను.

ఇద్దరు మోకులవైపు, ఇద్దరు నీళ్ళవాళ్ళవైపు ఉన్నారు. నా మాటే మిగిలింది. లేచి నిలబడ్డాను. మా ఆవిడ బతికున్న రోజుల్లో, నేను లేచి నిలబడితే పిల్లలకి అన్నం పెట్టేసేది, ముగిసేసరికి ఆలస్యమవుతుందని.

అందరికీ ఇంటిమాట ఉందన్నాను. మోకుని మోకు అనొచ్చు. మన తాతలు సముద్రంలో పడవలకి కట్టింది మోకే, లైను కాదు. నీళ్ళ దగ్గర వరస ఉంది. బట్టలకి దండెం ఉంది, ఎంత చక్కని మాట, నోట్లో వేసుకుంటే బెల్లంలా ఉంటుంది, దాన్ని వదిలేసి లైను పట్టుకున్న మనకి బుద్ధి లేదు. దీపాలకి తీగ, పాటకి చరణం, వ్యాపారికి వ్యాపారమే ఉన్నాయి. నలభై ఏళ్ళ కొడుకుకి దారి ఉంది, పట్టడమే ఆలస్యం.

పడుచువాళ్ళకి ఏముంది? కన్నేయడం దొంగ పని. వెంటపడడం కుక్క పని. ప్రేమించడం మరీ బరువు, ఇంకా చూపే కలవని చోట ఆ మాట మోపితే కుర్రాడి నడుం విరుగుతుంది. లైనేయడం ఒక్కటే, కుదరకపోతే ఇద్దరూ పరువుతో ఎవరి బిందె వాళ్ళు పట్టుకుని ఇంటికి పోవడానికి వీలున్న మాట. అది పోతే వాళ్ళకి ఇంకోటి లేదు. ఇవ్వండి.

నవ్వారు. నవ్వినప్పుడు చేతులు తేలిగ్గా లేస్తాయి. నీళ్ళవైపు ఉన్న ఇద్దరూ ఇటు వచ్చేశారు. మాట పడుచువాళ్ళకి పోయింది.

నేను చెప్పిన వాదంలో తప్పు లేదు. ఇప్పటికీ నిలబడి చెబుతాను. ఎందుకు చెప్పానన్నది వేరే సంగతి, అది పంచాయితీ అడగలేదు.

నాయుడు నా వైపు చూశాడు. అతనికి వెంటనే అర్థమైంది. మా ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. మేం ఒకే ఏడు పుట్టాం.

5

సభ నుంచి ఇంటికి వెళ్ళిన నాయుడికి అతని గుమ్మమే తెరుచుకోలేదు. కూతురు హైమావతి లోపలి నుంచి లైను నాయుడూ అని పిలిచిందట, నాయుడూ అందట, నాన్నా అందట. నాన్న అనే పిలుపుకి చెవి తలుపు తీయదు. తీస్తే ఊళ్ళో నాన్నలందరూ అన్ని ఇళ్ళలోకీ వెళ్ళొచ్చు.

ఆ పూట నుంచీ అతను ఉమ్మడి నడవాలో ఉంటున్నాడు. అక్కడ చలి, పులుపు వాసన, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు. హైమావతి బయటికి వచ్చి అన్నం పెడుతోంది. వాళ్ళూ వీళ్ళూ దుప్పట్లు ఇచ్చారు. మొదట్లో కొందరు పక్కన కూర్చుని కబుర్లు చెప్పారు, తర్వాత తగ్గారు. గుమ్మం బయట ఉన్నవాడితో ఎంతసేపని మాట్లాడతారు? లోపల పొయ్యి మీద ఏదో ఉంటుంది.

కొత్త తలుపు పేరు పెట్టించుకోవచ్చు. దానికో పద్ధతుంది. అతనికి తలుపు పేరు లేని రోజుల నుంచీ, అంటే పసితనం నుంచీ ఎరిగిన ఈడువాడు ఎవరైనా చెవి ముందు నిలబడి పేరుని మూడుసార్లు పలకాలి. దొంగపేర్లతో ఎవరూ చొరబడకుండా పెట్టిన కట్టడి. ఒకసారి పెడితే, పెట్టినవాడు బతికున్నంతకాలం మారదు.

నాయుడి ఈడువాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే.

ఈ పూట సంచి మొత్తం గీకాను. చాలా రోజుల తర్వాత ఒంట్లో బాగుంది.

6

హైమావతి వచ్చింది. గుమ్మం అవతల నిలబడితే పేరు పెట్టి పిలిచాను, లోపలికి వచ్చింది. ఆ పిల్ల మీద నాకే కోపమూ లేదు. నా దగ్గరే అతుకుల పని నేర్చుకుంది, చేయి నెమ్మది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"సిన్నాన్నా, మా నాన్న దగ్గుతన్నాడు. నువ్వొచ్చి పేరు పలికితే అయిపోద్ది."

"పలుకుతానమ్మా. ముందు మీ నాన్నని ఎర్నమ్మ కత సెప్పమను. నా గుమ్మం కాడ, నలుగురూ ఇనేటట్టు."

"ఆ కత ఊరందరికీ తెలుసు గదా."

"ఊరికి తెలిసింది కాదు. ఆయనకి తెలిసింది."

ఆమె మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది. ఆ ఇంట్లో మనిషి ఉందా అని అడగలేదు. అడగకపోవడమే నాకు సమాధానంలా తోచింది. ఇంట్లో ఎప్పుడో ఒకసారి ఆ ప్రశ్న వచ్చే ఉంటుంది. వెళ్ళేటప్పుడు మాత్రం, నువ్వు ఇంత మనిషివని అనుకోలేదు సిన్నాన్నా అంది. నేనూ అనుకోలేదన్నాను.

సింహాద్రప్పన్న కూడా వచ్చి మందలించాడు. ముసలాణ్ణి నడవాలో పడేయడం ఊరికి పరువు తక్కువ గంగులూ అన్నాడు. ఊరికి పరువు తక్కువైన పనులు ఊళ్ళో చాలా ఉన్నాయి, వరసలో పెడదాం, ముందు పదకొండేళ్ళ కిందటిది రానీ అన్నాను. ఆయన గొణుక్కుంటూ పోయాడు. పోతూ పోతూ లైన్లో అనకుండా వరస అన్నందుకు నన్ను మెచ్చుకున్నాడు. పంచాయితీ పెద్ద అంటే అలా ఉండాలి.

నాయుడి నుంచి ఒకే కబురు వచ్చింది. నడవాలోనే చస్తాను గాని వాడి గుమ్మం తొక్కను అన్నాడట. సరే అన్నాను. అన్నం తిన్నాను. నిద్రపట్టింది.

7

నాయుడు వచ్చాడు.

హైమావతి రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. వెనక సింహాద్రప్పన్న, నీళ్ళ వరసలో ఏడ్చిన ఆవిడ, మోకులవాళ్ళు కొందరు ఉన్నారు. నేను లోపల, వాళ్ళు బయట. తలుపుకి ఉన్న చిన్న గాజులోంచి చూస్తే అతని గడ్డం కనిపిస్తోంది, తెల్లగా మాసి ఉంది.

గొంతు సవరించుకున్నాడు. విందుల్లో మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు, గాలి, తిరగబడిన ఇల్లు, ఊరు కుంగిపోవడం. మధ్యలో ఆగిపోయాడు.

"దీపం కనబడినాది," అన్నాడు. "నడవాల ఊగతన్నాది. ఎర్నమ్మే. నాను సూసినాను. గంగులు పక్కనుండి ఆగరా అన్నాడు. ఇన్నాను. కోసేసినాను."

తలుపుకి దగ్గరగా జరిగాను.

"మరి కాలీ అని ఎందుకన్నావురా?" అని లోపల నుంచే అడిగాను.

"ఎవులో అడిగినారు, అందల ఎవులైనా ఉన్నారా అని. నోట్లోంచి లేదని వొచ్చేసినాది. ఆలు నన్ను ఎత్తుకున్నారు. పేరు ఎట్టినారు. ఇంక ఆ మీన ఏటని సెప్పను?" కాసేపు దగ్గాడు. "కోసినందుకు తప్పంటే ఒప్పుకోను గంగులూ. మల్లీ అయినా కోస్తాను. కాలీ అన్నాను సూడు, అది తప్పు."

అంతా అయింది. నేను పదకొండేళ్ళు అడిగింది అదే. నీళ్ళ వరస ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోకులవాళ్ళు నేల చూస్తున్నారు. సింహాద్రప్పన్న నా తలుపు వైపు తిరిగి, గంగులూ, ఇంక పేరు పలుకు అన్నాడు. నాయుడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు చంద్రినాయుడు. అది పలుకుతానని అందరూ ఎదురుచూస్తున్నారు. నేనూ అదే పలుకుదామని గోడ దగ్గరికి వెళ్ళాను.

చెవి ముందు నిలబడ్డాను. ఛాతీలో ఏదో చల్లబడుతుందని అనుకున్నాను, చల్లబడలేదు. మల్లీ అయినా కోస్తాను అన్నాడు. అది నిజమే అయి ఉండొచ్చు. నిజమైతే నాకేం?

"గుమ్మం బయట ఉన్నవాడి పేరు ఎర్నమ్మ," అన్నాను. మూడుసార్లు అన్నాను. చెవి, విన్నాను అంది.

బయట హైమావతి, సిన్నాన్నా అది ఆడపేరు, అంది. తెలుసన్నాను.

నాయుడు గాజు దగ్గరికి వచ్చాడు. పదకొండేళ్ళలో అతను నన్ను బతిమాలడం అదే మొదలు.

"ఒద్దురా గంగులూ. ఇంకేటైనా ఎట్టు. దొంగా అని ఎట్టు, కుక్కా అని ఎట్టు. పలుకుతాను. అది ఒద్దు."

"పెట్టినోడు బతికున్నంతకాలం మారదురా," అన్నాను. "నాకు ఒంట్లో బాగానే ఉన్నాది."

8

ఊరు అలవాటు పడుతోంది. మొదటి రోజున హైమావతి తన గుమ్మం దగ్గర ఆ పేరు పలకలేక అవస్థ పడిందట. పలికింది, తండ్రి లోపలికి వచ్చాడు, స్నానం చేశాడు. ఇప్పుడు గుళికల కొట్లోంచి పిలుస్తున్నారు, నీళ్ళగది నుంచి పిలుస్తున్నారు. మోకులవాళ్ళ సావడిలోంచి అయితే పొద్దుటా సాయంత్రం పిలవాలి. సందు మలుపులో నిలబడితే నాకు వినిపిస్తుంది. నాలుగైదు పూటలు పనిగట్టుకుని నిలబడి విన్నాను. అతను విందులకి రావడం తగ్గించేశాడు. వచ్చినా కథ చెప్పడు.

సింహాద్రప్పన్న దినం పెట్టించాడు. ఊరి కోసం పోయినవాళ్ళ వరసలో ఎర్నమ్మని చేర్చారు. అన్నం, పప్పు, చింతకాయ పచ్చడి. ఎసరు ఎక్కువై అన్నం మెత్తబడింది.

పడుచువాళ్ళ పని బాగుంది. బిందె జారవిడిచిన కుర్రాడు లైనేయడానికి ఇప్పుడు పంచాయితీ తీర్పు చూపిస్తున్నాడు.

ఈ రోజు మధ్యాహ్నం నేను గీకుడుకత్తికి పదును పెడుతుంటే తలుపు మీద చప్పుడైంది. గాజులోంచి చూస్తే నాయుడు. తన కత్తి విరిగిందని, నాది ఒక పూటకి కావాలని అడిగాడు. ఇవ్వాలంటే తలుపు తెరవాలి, తెరవాలంటే నేనే పేరు పెట్టి పిలవాలి.

పదును పెట్టడం ముగించి, కత్తి తుడిచాను. తర్వాత, ఎర్నమ్మా, అని పిలిచాను.

తలుపు తెరుచుకుంది. నాయుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కత్తి ఇచ్చాను.